థిన్ క్లయింట్ నెట్‌వర్క్ నుంచి బూట్ కాకపోతే ఎలా పట్టుకోవాలి

ల్యాబ్ తలుపు తీసి మెయిన్ వేయగానే "సార్, ఒక్క సిస్టమూ లెగవట్లేదు" అనే కేక వినిపిస్తే, చాలామంది ముందు సర్వర్ రీస్టార్ట్ చేస్తారు. లేవకపోతే ఇంకోసారి చేస్తారు. అప్పటికీ కాకపోతే సర్వర్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని పెన్‌డ్రైవ్ వెతుకుతారు. ఈలోపు తప్పు ఎక్కడుందో చెప్పే ఒక్క లైను థిన్ క్లయింట్ (సర్వర్ మీద ఆధారపడి నడిచే చిన్న కంప్యూటర్ డబ్బా) స్క్రీన్ మీద వచ్చి పోతుంది. దాన్ని ఎవరూ చదవరు.

నెట్‌వర్క్ బూట్, అంటే సొంత డిస్క్ నుంచి కాకుండా కేబుల్ మీదుగా సర్వర్ నుంచి సిస్టమ్ లేవడం, మెట్టు మెట్టుగా నడుస్తుంది. ఒక మెట్టు దాటనిదే తర్వాతిది మొదలవదు. కాబట్టి "ఎందుకు లేవట్లేదు" అన్నది తర్వాత చూడొచ్చు, ముందు "ఎక్కడ ఆగింది" అని అడగండి. ఫోన్ తీసి స్క్రీన్‌ని వీడియో పట్టండి. మెసేజ్ రెండు సెకన్లే ఉన్నా వీడియోలో ఆపి చదువుకోవచ్చు.

ఒంగోలు, కావలి, నెల్లూరు, పొదిలి లాంటి చోట్ల కాలేజీ ల్యాబులు, బడులు, ట్రైనింగ్ సెంటర్లు చూసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉబుంటు సర్వర్ మీద ఎల్‌టీఎస్‌పీ (థిన్ క్లయింట్లను నెట్‌వర్క్ నుంచి లేపే సాఫ్ట్‌వేర్), దానికి డీఎన్‌ఎస్‌మాస్క్ (ఏ బూట్ ఫైలు తెచ్చుకోవాలో క్లయింట్లకి చెప్పే సర్వీసు), ఐపీ అడ్రస్‌లు ఇచ్చే పని ఇంటర్నెట్ రూటర్‌ది అనే అమరిక అనుకుందాం. మీది వేరే సాఫ్ట్‌వేర్ అయినా మొదటి మూడు మెట్లూ ఇవే. ఎందుకంటే అవి ఇంటెల్ 1999లో ఇచ్చిన పీఎక్స్‌ఈ 2.1 అనే నెట్‌వర్క్ బూట్ పద్ధతి ప్రకారం నడుస్తాయి.

ఒకటి మాత్రం ముందే చూసుకోండి. డబ్బా చిన్నగా ఉన్నంతమాత్రాన అది పీఎక్స్‌ఈతో బూట్ అవుతుందని కాదు. ఎన్‌కంప్యూటింగ్ ఎల్-సిరీస్ లాంటివి తమ లోపలి ఫర్మ్‌వేర్‌తోనే లేస్తాయి. ఎక్స్-సిరీస్ కేబుల్ అయితే అసలు నెట్‌వర్క్ కేబులే కాదు, హోస్ట్ పీసీలోని పీసీఐ కార్డుకి నేరుగా పోతుంది. కనెక్టర్ అచ్చం ఒకటే కాబట్టి కొత్తగా వచ్చిన అసిస్టెంట్ దాన్ని స్విచ్‌లో గుచ్చుతాడు. మీవి ఆ రకమైతే ఈ గైడ్ మీకు పనికిరాదు.

ముందు లెక్క: ఒకటా, వరసా, అన్నీనా

ఒక్క సిస్టమే లేవకపోతే దాని కేబుల్, దాని బయోస్, దాని పోర్టు చూడండి. సర్వర్ జోలికి వెళ్లకండి. ఒక వరస మొత్తం పోతే ఆ వరస స్విచ్‌ గానీ, ఆ స్విచ్ నుంచి మెయిన్ స్విచ్‌కి వచ్చే కేబుల్ గానీ పోయి ఉంటుంది. అన్నీ పోతేనే సర్వర్, రూటర్, మెయిన్ స్విచ్ సంగతి. ఒకే మోడల్ డబ్బాలన్నీ ఆగి, వేరే మోడల్‌వి లేస్తుంటే అది బూట్ ఫైల్ లేదా డ్రైవర్ వ్యవహారం. ఈ నాలుగింటిలో మీది ఏదో తేలితే సగం పని అయిపోయినట్టే.

మొదటి మెట్టు: కేబుల్

స్క్రీన్ మీద "పీఎక్స్‌ఈ-ఈ61: మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్" అని వస్తే అది చెప్పింది నమ్మండి. థిన్ క్లయింట్ వెనక పోర్టులో లైటు వెలగదు, లేదా వెలిగి ఆరుతూ ఉంటుంది.

పని చేస్తున్న పక్క సిస్టమ్ ప్యాచ్ కార్డు తీసి దీనికి పెట్టండి. లేచిందంటే పాత ప్యాచ్ కార్డు చెత్తబుట్టలోకి. దాన్ని మళ్లీ డ్రాయర్‌లో పెడితే నెల తిరక్కముందే ఎవరో ఒకరు దాన్నే తీసి వాడతారు. లేవకపోతే స్విచ్ వైపు పోర్టు మార్చండి. అప్పటికీ కాకపోతే గోడలోని ఐఓ (కేబుల్ గుచ్చే సాకెట్టు) విప్పి చూడండి.

మన వైపు కేబుళ్లు పాడవడానికి మన వైపు కారణాలే ఉన్నాయి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఐఓ లోపలి పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది. టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది. దాన్ని గీకి శుభ్రం చేస్తే కొద్ది రోజులు నడిచి మళ్లీ మొదటికొస్తుంది, ఐఓ మార్చడమే నయం. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి స్విచ్ ఫ్యాన్లలో పేరుకుని, ఎండలు ముదిరాక మధ్యాహ్నం పూట స్విచ్ హ్యాంగ్ అవుతుంది. పొద్దున బాగా ఉండి మధ్యాహ్నం రెండు గంటలకి వరస వరసే పోతుంటే స్విచ్ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎంత కాలుతోందో తెలుస్తుంది. ఎలుకల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ నెలల్లో పిడుగు పడిన మర్నాడు ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి బయటి నుంచి రాగి కేబుల్ లాగిన చోట్ల స్విచ్ పోర్టులు కాలిపోయి ఉంటాయి. స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, నాలుగు పోర్టులు మాత్రం చచ్చి ఉంటాయి. చచ్చిన పోర్టు మీద టేపు అంటించండి, లేకపోతే మళ్లీ మళ్లీ దాంట్లోనే గుచ్చి తల బాదుకుంటారు. వీలైతే బిల్డింగుల మధ్య ఫైబర్ వేయించండి, దాని గాజు పోగులో కరెంటు పారదు.

లైటు వెలుగుతోంది కానీ బూట్ మాత్రం ఆగి ఆగి నడుస్తోందంటే కనెక్టర్ సరిగ్గా క్రింప్ కాలేదేమో చూడండి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నులు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఒక్క తీగ పట్టు తప్పినా స్పీడు పడిపోవచ్చు, లింకు తెగి తెగి రావచ్చు. కేబుల్ టెస్టర్ మీ బ్యాగులో లేకపోతే ముందు అది కొనుక్కోండి, సర్వర్‌కి ర్యామ్ తర్వాత చూసుకోవచ్చు.

రెండో మెట్టు: అడ్రస్

కేబుల్ బాగుంటే థిన్ క్లయింట్ నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా ఒక కేక వేస్తుంది: "నాకు అడ్రస్ ఎవరిస్తారు?" అని. ఇలా అడ్రస్ అడిగి పుచ్చుకునే పద్ధతే డీహెచ్‌సీపీ. ఎవరూ పలక్కపోతే "పీఎక్స్‌ఈ-ఈ51: నో డీహెచ్‌సీపీ ఆర్ ప్రాక్సీడీహెచ్‌సీపీ ఆఫర్స్" వస్తుంది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్) మెషీన్లలో అదే మాట "పీఎక్స్‌ఈ-ఈ16: నో ఆఫర్ రిసీవ్డ్" అని వస్తుంది.

అదే కేబుల్‌ని ఒక ల్యాప్‌టాప్‌కి పెట్టి వైఫై ఆపేయండి. ల్యాప్‌టాప్‌కి అడ్రస్ వచ్చిందా? 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే రానట్టే లెక్క, అది విండోస్ తనకు తాను పెట్టుకున్నది. ల్యాప్‌టాప్‌కీ రాకపోతే రూటర్ దగ్గరికి నడవండి.

చాలా ల్యాబుల్లో రూటర్ పనిచేస్తూనే ఉంటుంది, ఇవ్వడానికి దాని దగ్గర అడ్రస్‌లు మిగలవు. వందో నూటయాభయ్యో అడ్రస్‌లు ఇచ్చేలా ఉన్న రూటర్‌కి వైఫై కూడా ఉంటే, పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే వచ్చి కూర్చుంటాయి. ఒకసారి ఇచ్చిన అడ్రస్‌ని రూటర్ గడువు తీరేదాకా వేరేవాళ్లకి ఇవ్వదు. చాలా రూటర్లలో ఆ గడువు ఒక రోజు ఉంటుంది. దాన్ని ఒకటి రెండు గంటలకి తగ్గించండి. వైఫై పాస్‌వర్డ్ మార్చండి. ఇంకా మంచిది, ల్యాబ్‌కి వేరే రూటర్ పెట్టడం.

ల్యాప్‌టాప్‌కి వస్తోంది, థిన్ క్లయింట్‌కి రావట్లేదు అంటే, మీది మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) అయితే స్పానింగ్ ట్రీని (నెట్‌వర్క్‌లో లూపు పడకుండా స్విచ్ చూసుకునే ఏర్పాటు) అనుమానించండి. పాత పద్ధతి స్పానింగ్ ట్రీలో పోర్టు లింకు రాగానే డేటా పంపదు. 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఈ అర నిమిషంలో థిన్ క్లయింట్ అడిగి అడిగి విసిగి వదిలేస్తుంది. ల్యాప్‌టాప్ ఓపిగ్గా అడుగుతూనే ఉంటుంది కాబట్టి దానికి దొరుకుతుంది. థిన్ క్లయింట్లు తగిలించిన పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ పోర్ట్ ఆన్ చేస్తే తీరిపోతుంది. మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ అయితే ఈ గొడవే లేదు. కానీ దానికి ఇంకో గొడవ ఉంది. ఎవరైనా ఒకే ప్యాచ్ కార్డు రెండు చివర్లూ అదే స్విచ్‌లో పెడితే నెట్‌వర్క్ మొత్తం మూగబోతుంది. స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంటే ఆ కేబుల్ కోసం వెతకండి.

దొంగ రూటర్

దీనికి వేరే శీర్షిక ఇవ్వడం న్యాయమే. ఎక్కువ టైమ్ తినేది ఇదే.

స్టాఫ్ రూమ్‌లో సిగ్నల్ రావట్లేదని ఎవరో ఇంట్లోంచి పాత వైఫై రూటర్ తెచ్చి, ల్యాన్ పోర్టులో కేబుల్ గుచ్చి వెళ్తారు. ఇప్పుడు థిన్ క్లయింట్ కేకకి ఇద్దరు పలుకుతారు. ఎవరు ముందు పలికితే వాళ్ల అడ్రస్ తీసుకుంటుంది. అందుకే కొన్ని సిస్టమ్స్ లేస్తాయి, కొన్ని లేవవు. రీస్టార్ట్ చేస్తే లేచినవి పడుకుంటాయి, పడుకున్నవి లేస్తాయి. ఇలా మారి మారి వస్తుంటే వేరే ఏదీ ఆలోచించకండి.

గుర్తుపట్టేది ఇలా. బూట్ అవుతున్నప్పుడు స్క్రీన్ మీద క్లయింట్ ఐపీ, గేట్‌వే కనిపిస్తాయి. మీ సర్వర్ 192.168.1 వరసలో ఉంటే, లేవని సిస్టమ్‌కి 192.168.0 వరసో, 192.168.29 వరసో వచ్చిందేమో చూడండి. 192.168.29 జియోఫైబర్ రూటర్లలో మామూలుగా ఉండే వరస, 192.168.0 మార్కెట్లో దొరికే చాలా చిన్న రూటర్లది. ఆ గేట్‌వే నంబరుని ఆ వరస అడ్రసే వచ్చిన ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో కొడితే రూటర్ లాగిన్ పేజీ వస్తుంది, కంపెనీ పేరూ మోడలూ అక్కడే ఉంటాయి. అది ఏ గదిలో ఉందో తెలియకపోతే ల్యాప్‌టాప్ నుంచి దానికి పింగ్ పెట్టి, మెయిన్ స్విచ్‌లో ఒక్కో కేబుల్ తీస్తూ రండి. ఏది తీస్తే పింగ్ ఆగిందో ఆ కేబుల్ చివర మీ దొంగ ఉంటాడు. తెచ్చినాయన హెడ్మాస్టరే అయితే మర్యాదగా చెప్పి, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపి, అడ్రస్ మీ వరసలోకి మార్చి ఇవ్వండి. వైఫై ఆయనకీ వస్తుంది, బూట్ మీకూ అవుతుంది.

మూడో మెట్టు: ఫైలు పేరు, ఫైలు

"పీఎక్స్‌ఈ-ఈ53: నో బూట్ ఫైల్‌నేమ్ రిసీవ్డ్" అంటే రూటర్ అడ్రస్ ఇచ్చింది, కానీ ఏ ఫైల్ తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు అని. మన అమరికలో అది చెప్పాల్సింది సర్వర్‌లోని డీఎన్‌ఎస్‌మాస్క్. అంటే రూటర్ బతికుంది, సర్వర్ మాట్లాడట్లేదు. ఈ51కీ ఈ53కీ తేడా ఇదే. యూఈఎఫ్‌ఐ మెషీన్లు మాత్రం ఈ రెండింటికీ చాలాసార్లు ఆ ఈ16 ఒక్కటే చూపిస్తాయి, అప్పుడు ల్యాప్‌టాప్ పరీక్షే దిక్కు.

సర్వర్ ముందు కూర్చుని డీఎన్‌ఎస్‌మాస్క్ సర్వీసు నడుస్తోందో చూడండి. ఆగి ఉంటే ఎందుకు ఆగిందో లాగ్‌లో ఉంటుంది. కాన్ఫిగ్ ఫైలు చేత్తో రాసుకున్నవాళ్లకి ఉబుంటులో ఎక్కువగా ఎదురయ్యేది పోర్టు 53 దగ్గర ఉబుంటు సొంత డీఎన్‌ఎస్ సర్వీసు సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌తో తగాదా. మీ డీఎన్‌ఎస్‌మాస్క్ డీఎన్‌ఎస్ పని (సైటు పేర్లని అడ్రస్‌లుగా మార్చడం) చేయక్కర్లేదు కాబట్టి దాని కాన్ఫిగ్‌లో పోర్టుని సున్నా చేస్తే సరి. ఇంకొకటి, పిడుగుకి సర్వర్ బోర్డు మీది ల్యాన్ పోర్టు పోయి కొత్త పీసీఐ కార్డు వేశారనుకోండి, ఉబుంటులో ఆ ఇంటర్‌ఫేస్ పేరు మారిపోతుంది. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైలులో పాత పేరే ఉంటే సర్వర్‌కి అసలు అడ్రసే పట్టదు. కార్డు మార్చిన రోజే ఆ ఫైలూ మార్చండి.

సర్వర్‌కి అడ్రస్ ఎప్పుడూ స్థిరంగా ఉండాలి. రూటర్ ఇచ్చిన అడ్రస్‌తోనే సర్వర్ నడుపుతుంటే, ఇంటర్నెట్ కంపెనీ మారిన రోజున ల్యాబ్ మూతపడుతుంది.

పేరు తెలిశాక ఫైలు తెచ్చుకోవడం టీఎఫ్‌టీపీ పని. "పీఎక్స్‌ఈ-ఈ32: టీఎఫ్‌టీపీ ఓపెన్ టైమౌట్" వస్తే సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 69 పోర్టు తెరిచి ఉందా చూడండి. ప్రాక్సీ పద్ధతికి (అడ్రస్ రూటర్, ఫైలు పేరు సర్వర్ ఇచ్చే మన అమరికకి) యూడీపీ 67, 4011 కూడా కావాలి. ఫైర్‌వాల్ రెండు నిమిషాలు ఆపి చూస్తే తేలిపోతుంది, తేలాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. దొంగ రూటర్ వేరే వరస అడ్రస్ ఇచ్చినప్పుడు కూడా ఈ ఈ32 గానీ, ఈ11 అనే ఏఆర్‌పీ టైమౌట్ గానీ వస్తుంది. కాబట్టి ఫైర్‌వాల్ కంటే ముందు స్క్రీన్ మీద ఐపీ వరస చూడండి.

"ఫైల్ నాట్ ఫౌండ్" వస్తే సర్వర్ దాకా చేరినట్టే. టీఎఫ్‌టీపీ ఫోల్డర్లో ఆ పేరుతో ఫైలు ఉందా, పెద్ద చిన్న అక్షరాలు సరిపోయాయా, అందరూ చదవగలిగే పర్మిషన్ ఉందా చూడండి. పాత పీఎక్స్‌ఈలినక్స్ పద్ధతి వాడుతూ "ఫెయిల్డ్ టు లోడ్ ఎల్‌డీలినక్స్" అని వస్తుంటే, పీఎక్స్‌ఈలినక్స్ వచ్చే సిస్‌లినక్స్ ప్యాకేజీ 5వ వెర్షన్ నుంచి ఆ ఎల్‌డీలినక్స్.సీ32 ఫైలు కూడా పక్కనే ఉండాలని గుర్తుంచుకోండి. అదీ మిగతా ఫైళ్ల వెర్షన్‌దే కావాలి.

కొత్త డబ్బాలు మాత్రమే లేవకపోతే

నెల్లూరు వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, ఒంగోలు వాళ్లు విజయవాడ నుంచో సెకండ్‌హ్యాండ్ డబ్బాలు పది తెస్తారు. పాతవి లేస్తాయి, కొత్తవి లేవవు. పాతవి లెగసీ బయోస్, కొత్తవి యూఈఎఫ్‌ఐ. రెండింటికీ వేర్వేరు బూట్ ఫైళ్లు కావాలి. ఎల్‌టీఎస్‌పీ వాడే బూట్ ప్రోగ్రామ్ ఐపీఎక్స్‌ఈలో అయితే లెగసీకి అన్‌డీఐఓన్లీ.కేపీఎక్స్‌ఈ, యూఈఎఫ్‌ఐకి ఎస్‌ఎన్‌పీఓన్లీ.ఈఎఫ్‌ఐ. క్లయింట్ అడ్రస్ అడిగేటప్పుడే తాను ఏ రకమో డీహెచ్‌సీపీ ఆప్షన్ 93లో చెబుతుంది. ఎల్‌టీఎస్‌పీ తయారుచేసే డీఎన్‌ఎస్‌మాస్క్ కాన్ఫిగ్ దాన్ని చూసి సరైన ఫైలు ఇస్తుంది. రూటర్‌లోనే ఆప్షన్ 66, 67 (సర్వర్ పేరు, బూట్ ఫైలు పేరు) చేత్తో పెట్టిన చోట అందరికీ ఒకటే ఫైలు పోతుంది. లెగసీ డబ్బాకి ఈఎఫ్‌ఐ ఫైలు పోతే "ఈ79: ఎన్‌బీపీ ఈజ్ టూ బిగ్" అంటుంది. ఎన్‌బీపీ అంటే ఆ బూట్ ఫైలే.

యూఈఎఫ్‌ఐలో "ఎన్‌బీపీ ఫైల్ డౌన్‌లోడెడ్ సక్సెస్‌ఫుల్లీ" అని చెప్పి మళ్లీ బూట్ మెనూకి వచ్చేస్తుంటే, సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపండి. సంతకం లేని ఐపీఎక్స్‌ఈ ఫైలుని అది నడవనివ్వదు. అక్కడ ఉన్నప్పుడే ఐపీవీ6 నెట్‌వర్క్ బూట్ కూడా ఆపేస్తే, రోజూ పొద్దున ఊరికే ఎదురుచూసే సమయం మిగులుతుంది.

పాత డబ్బాల్లో ఒక్కోటి అప్పుడప్పుడు సెట్టింగులన్నీ మర్చిపోయి హార్డ్ డిస్క్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది. తేదీ చూడండి. ఏళ్ల వెనక్కి పోయి ఉంటే లోపలి సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. చాలా మోడళ్లలో చేత్తో తీసి మార్చగలిగేదే ఉంటుంది. ఒకటికి అయిపోయిందంటే అదే బ్యాచ్‌లో మిగతావాటికీ దగ్గర పడింది, ఒకేసారి అన్నీ మార్చేయండి.

నాలుగో మెట్టు: కెర్నల్ వచ్చి ఆగితే

ఇక్కడిదాకా వచ్చిందంటే కేబుల్, అడ్రస్, ఫైలు అన్నీ బాగున్నట్టే. ఐపీఎక్స్‌ఈ దగ్గరే ఎర్రర్ వస్తే దాని చివర ఐపీఎక్స్‌ఈ సైటు అడ్రస్, ఒక కోడ్ ఉంటాయి. ఫోన్‌లో ఆ అడ్రస్ కొడితే ఆ ఎర్రర్ వివరణ పేజీ వస్తుంది.

"ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్" అనే ప్రాంప్ట్‌లో ఆగితే కెర్నల్‌కి (ముందుగా లేచే లినక్స్ మూలభాగానికి) ఇమేజ్, అంటే మిగతా సిస్టమ్ మొత్తం ఉన్న ఫైలు, అందలేదన్నమాట. సర్వర్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ (ఫోల్డర్లని నెట్‌వర్క్‌లో షేర్ చేసే సర్వీసు) నడుస్తోందా, ఎల్‌టీఎస్‌పీ ఫోల్డరుని షేర్ చేస్తోందా చూడండి. డిస్క్ నిండిందా కూడా చూడండి. ఇమేజ్ తయారవుతుండగా చోటు అయిపోతే సగం ఫైలుతో ల్యాబ్ మొత్తం ఆగుతుంది. ఒకే మోడల్ ఇక్కడ ఆగుతుంటే దాని ల్యాన్ చిప్‌కి డ్రైవర్ గానీ ఫర్మ్‌వేర్ గానీ ఇమేజ్‌లో లేదు.

సర్వర్‌లో అప్‌డేట్లు, కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక "ఎల్‌టీఎస్‌పీ ఇమేజ్" కమాండు మళ్లీ నడపాలి. కాన్ఫిగ్ ఫైలు మార్చాక "ఎల్‌టీఎస్‌పీ ఇనిట్‌ఆర్‌డీ" నడపాలి. లేకపోతే మీరు చేసిన మార్పు క్లయింట్లకి చేరదు. నెట్‌లో దొరికే పాత గైడ్లలో ఎల్‌టీఎస్‌పీ-అప్‌డేట్-ఇమేజ్ అని కనిపిస్తుంది. అది పాత వెర్షన్‌ది. 2019లో ఎల్‌టీఎస్‌పీని మొదటి నుంచి తిరగరాశారు, అంతకుముందు రాసిన గైడ్‌ని ఇప్పటి సర్వర్ మీద ప్రయోగించకండి.

కరెంటు పోయి వచ్చాక

మన దగ్గర అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే సీన్ ఇదే. కరెంటు రాగానే థిన్ క్లయింట్లు అర నిమిషంలో లేచి అడుగుతాయి, సర్వర్ ఇంకా డిస్క్ చెక్ చేసుకుంటూ ఉంటుంది. జవాబు రాక అన్నీ ఎర్రర్ దగ్గర ఆగుతాయి. ఏదీ పాడవలేదు. సర్వర్‌తో పాటు రూటర్‌నీ మెయిన్ స్విచ్‌నీ కూడా యూపీఎస్ మీద పెట్టండి. చాలాచోట్ల సర్వర్ ఒక్కదానికే పెట్టి స్విచ్‌ని వదిలేస్తారు. సర్వర్ లాగిన్ స్క్రీన్ వచ్చాక ఒక్కో వరసకి కరెంటు ఇవ్వండి.

అన్నీ ఒకేసారి వేస్తే లేచినా మెల్లగా లేస్తాయి. సర్వర్ 100 ఎంబీపీఎస్ పోర్టులో ఉంటే సెకనుకి మహా అయితే 12.5 మెగాబైట్లు పోతాయి. 30 సిస్టమ్స్ పంచుకుంటే ఒక్కోదానికి 0.4 చిల్లర మాత్రమే వస్తుంది. క్లయింట్లు 100లో ఉన్నా ఫర్వాలేదు, సర్వర్ కేబుల్ మాత్రం గిగాబిట్ పోర్టులోకి పోవాలి.

ఎవరినైనా ఫోన్‌లో అడగాల్సి వస్తే

"బూట్ అవట్లేదు సార్" అంటే అవతలివాళ్లు ఏమీ చెప్పలేరు. ఎర్రర్ స్క్రీన్ ఫొటో తీయండి, అందులో క్లయింట్ ఐపీ కూడా పడేలా చూడండి. తర్వాత సర్వర్‌లో డీఎన్‌ఎస్‌మాస్క్ లాగ్ తెరిచి ఉంచి, ఒక క్లయింట్‌ని ఆన్ చేయండి. ఆ క్లయింట్ ల్యాన్ నంబరు (మ్యాక్ అడ్రస్) లాగ్‌లో కనిపిస్తే కేక సర్వర్ దాకా చేరింది. కనిపించకపోతే మధ్యలోనే ఎక్కడో పోయింది. ఆ లాగ్ కూడా ఫొటో తీయండి. మోడల్ పేరు, ఎన్ని సిస్టమ్స్ లేస్తున్నాయి ఎన్ని లేవట్లేదు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది అన్నవి రాసి వాట్సాప్‌లో పెట్టండి. అప్పుడు వాళ్లు ఒంగోలు నుంచి బయలుదేరి రావాల్సిన పని ఉందో, ఫోన్‌లోనే అయిపోతుందో అక్కడికక్కడే చెప్పేస్తారు.